జాఫర్ అనే పేరు

అల్లావుద్దీన్ అద్భుతదీపం కథలో దుష్టుడెవరని చలనచిత్రం చూసిన పిల్లలనడిగితే తడుముకోకుండా 'జాఫర్' అంటారు. అచ్చయిన తొలికథలో ఆ పేరే లేదు. హలబ్ నగరానికి చెందిన హన్నా దియాబ్ 1709లో ఫ్రెంచి పండితుడు గాలాన్‌కు చెప్పగా 1712లో వెలువడిన ఆ కథలో ప్రతినాయకుడు ఒట్టి 'మగ్రిబీ మాంత్రికుడు'. 'పాతాళభైరవి' (1951)లో ఎస్.వి. రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుడూ ఈ కోవవాడే. దూరదేశం పేరు చెప్పి భయపెట్టడం కథకుల పాత అలవాటు. అది ఆ దేశస్థులకు న్యాయం కాదు గాని, దానివల్ల ఏ ఒక్క మనిషి పరువూ పోదు.

జాఫర్ బిన్ యహ్యా బర్మకీ చరిత్రలోని మనిషి. హారూన్ రషీద్ వజీరు; విద్వాంసులను ఆదరించిన వంశంవాడు. 803లో ఆ ఖలీఫా ఆజ్ఞతోనే అతని శిరచ్ఛేదం జరిగింది. కారణమేమిటో చరిత్రకారులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. అరేబియన్ రాత్రుల కథల్లో అతడు మారువేషంలోని ఖలీఫా వెంట బాగ్దాద్ వీధుల్లో తిరిగే సహచరుడు. ఒక కథలోనైతే, మూడు రోజుల్లో హంతకుని పట్టి తేకపోతే బంధువులతో సహా ఉరి తప్పదని ఖలీఫా హెచ్చరిస్తే, పాపం, ఇంటికి పోయి దిగులుగా కూర్చుంటాడు. భయపడేవాడే గాని భయపెట్టేవాడు కాడు!

ఈ వజీరు పేరును 1940 నాటి 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రం ఒక మాంత్రికునికి అంటగట్టింది. ఆ పాత్రలో కాన్రాడ్ వైట్ నటన గొప్పది. కొమ్ములు లేవు, కోరలు లేవు. భయమంతా ఆ చూపులోనే ఉంది. మంత్రంతో లొంగదీసుకోగలిగినా రాకుమారి ప్రేమనే కోరుకునే చోట, ఆ క్రూరునిలోనూ ఒక మనిషి కనిపిస్తాడు. 1992 నాటి డిస్నీ బొమ్మల చిత్రం 'అలాద్దిన్'లో ఆ మనిషీ మిగలలేదు. పాము తల బెత్తం, కపటపు నవ్వు, అధికారదాహం మాత్రమే మిగిలాయి. చివరికి అతడు జిన్నుగా మారి, ఆ శక్తితోపాటే వచ్చే దాస్యంలో చిక్కి దీపంలో బందీ కావడం మెచ్చదగిన కల్పన. అయితే జిన్నాతులలో సజ్జనులూ ఉన్నారని దివ్యఖుర్ఆన్ 72వ సూరా తెలుపుతుంది. తెర మీద జిన్ను యజమాని చెప్పింది చేసే దాసుడు మాత్రమే.

హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్, ఇమాం జాఫర్ సాదిఖ్‌ల గౌరవార్థం తల్లిదండ్రులు బిడ్డలకు పెట్టుకునే పేరిది. ఆ పేరుగల పిల్లవాడు ఈ బొమ్మ చూసిన తోటివారి మధ్యనే బడిలో కూర్చోవాలి. అమెరికాలోని అరబ్బుల నిరసన ఫలితంగా 1993 వీడియోలో ఒక పాటలోని చరణాన్ని మార్చారు. 2019లో నటులతో మళ్లీ తీసినప్పుడు ఆ పాటలో మరో మాట మారింది. వజీరు పేరు మాత్రం అలాగే ఉంచారు.