పాత కెర్నెల్‌కి కొత్త ప్యాచ్

2022 జనవరిలో లినక్స్ కెర్నెల్‌లో ఒక భద్రతాలోపం బయటపడింది. ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేసే చోట దొరికిన ఆ లోపం నంబరు సీవీఈ-2022-0185. మెయిన్‌లైన్‌లో, అంటే కెర్నెల్ ప్రధాన శాఖలో, ఒక్క షరతు తిరగరాస్తే సరిపోయింది. అయితే సర్వర్లన్నీ తాజా కెర్నెల్ మీద నడవవు. 5.4, 5.10, 5.15 లాంటి స్థిరమైన పాత శాఖల మీద నడిచేవి లెక్కలేనన్ని. కొత్త కెర్నెల్‌కి మారాలంటే డ్రైవర్ల దగ్గర్నుంచి అప్లికేషన్ల దాకా అన్నీ మళ్లీ పరీక్షించుకోవాలి. దాడి చేసేవాడు అంతదాకా ఆగడు. అందుకే దిద్దుబాటునే పాత కెర్నెల్ దగ్గరికి తీసుకెళ్తారు. అదే బ్యాక్‌పోర్టింగ్. చూడటానికి కాపీ చేసి అతికించే పనిలా ఉంటుంది గానీ, దీనికి కావలసింది కోడ్‌ని ఓపిగ్గా చదవగలగడం.

ముందు లోపాన్ని చదవాలి. మౌంట్ ఆప్షన్లను లోపమున్న ఫంక్షన్ 4096 బైట్ల పేజీలో ఒకదాని వెనక ఒకటి పేరుస్తుంది. చోటుందో లేదో చూడటానికి 4096లోంచి రెండు తీసేసి, అప్పటికే నిండినదీ తీసేసి, మిగిలినదాంతో కొత్త ఆప్షన్ పొడవును పోల్చేది. నిండినది 4095 బైట్లయితే? 4094లోంచి 4095 తీయాలి. మైనస్ ఒకటి రావాలి. కానీ ఆ వేరియబుల్ మైనస్ సంఖ్యలు పట్టే రకం కాదు. 64 బిట్ల యంత్రంలో ఫలితం ఏకంగా 20 అంకెల సంఖ్య అయి కూర్చుంటుంది. ఇక ఎంత పొడవు ఆప్షన్ వచ్చినా చోటున్నట్టే లెక్క. రాత పేజీ దాటి పక్క మెమరీలోకి పోతుంది. యూజర్ నేమ్‌స్పేస్‌లు అందరికీ తెరిచి ఉంచిన యంత్రంలో మామూలు యూజరు రూట్ అయిపోవచ్చు, కంటెయినర్ లోపలున్నవాడు బయటపడొచ్చు. దిద్దుబాటు తీసివేతను కూడికగా మార్చింది: నిండినదీ, కొత్తదీ, మరో రెండూ కలిపితే 4096 దాటుతుందా? సున్నా కిందికి జారే దారి మూసుకుపోయింది.

తర్వాతి ప్రశ్న, ఈ ప్యాచ్ ఎవరికి కావాలి? లోపం 5.1తో వచ్చింది కాబట్టి అంతకుముందరి 4.19 శాఖకు అక్కర్లేదు. స్థిర శాఖల్లో 5.4.173, 5.10.93, 5.15.16, 5.16.2 విడుదలలు దిద్దుబాటును అందుకున్నాయి. మరి రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 సంగతేమిటి? దాని కెర్నెల్ 4.18. నంబరు చూస్తే భయం లేదు. కానీ కొత్త మౌంట్ కోడ్‌ని రెడ్ హ్యాట్ అప్పటికే దాంట్లోకి తెచ్చుకుంది. కోడ్‌తో పాటు లోపమూ వచ్చింది. కాబట్టి వెర్షన్ నంబరును నమ్మి తీర్పు చెప్పకూడదు. ఆ శాఖలో ఆ ఫంక్షన్ తెరిచి, ఆ తీసివేత వరుస ఉందో లేదో కళ్లారా చూడాలి.

స్థిర శాఖల పద్ధతి 2005లో మొదలైంది. అప్పట్నుంచీ దాన్ని నడిపిస్తున్నవారిలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ముఖ్యుడు. నియమాలు కఠినమే. ప్యాచ్ ముందు మెయిన్‌లైన్‌లో ఉండాలి, నిజమైన బగ్‌నే సరిచేయాలి, చుట్టుపక్కల వరుసలతో కలిపి వంద లైన్లు మించకూడదు. మెయిన్‌లైన్ కమిట్ ఐడీ సందేశంలో కనిపించాలి. ప్యాచ్‌ని పాత శాఖలోకి చెర్రీ-పిక్ చేసినప్పుడు అక్కడి కోడ్‌తో పొసగక కాన్‌ఫ్లిక్ట్ వచ్చి చేత్తో సర్దితే, ఏం మార్చారో, ఎందుకు మార్చారో అక్కడే రాయాలి. రేపు మరో దిద్దుబాటుతో ఆ ఫంక్షన్ దగ్గరికి వచ్చేవాళ్లకు ఆధారం ఆ నాలుగు మాటలే.

కాన్‌ఫ్లిక్ట్ వస్తే నయం, కనీసం ఆగి చూస్తాం. ఏ అడ్డూ లేకుండా అతుక్కునే ప్యాచ్‌తోనే ఎక్కువ ప్రమాదం. 2023 చివర్లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ దిద్దుబాటు ఒకటి 6.1.64లోకి వచ్చింది. డైరెక్ట్ ఐఓతో రాసినప్పుడు ఫైలు పరిమాణం సరిగా నమోదయ్యేలా చూడటం దాని పని. చక్కగా అతికింది, కంపైల్ అయింది. కానీ రాత ముగిశాక ఫైలులో స్థానాన్ని ఎప్పుడు ముందుకు జరపాలో మార్చిన ఇంకో ప్యాచ్ మీద అది ఆధారపడి ఉంది. ఆ ప్యాచ్ 6.5లో ఉంది, 6.1లో లేదు. పైగా అది ఈఎక్స్‌టీ4లో కాక, ఫైల్‌సిస్టమ్‌లు పంచుకునే ఐఓమ్యాప్ పొరలో ఉంది. ఫలితంగా డేటా పాడయ్యే పరిస్థితి వచ్చింది. డెబియన్ 12.3 విడుదలను ఆపేసి, డిసెంబర్ 10న 12.4ను ఇచ్చింది. 6.1.66లో సంగతి సర్దుకుంది.

ఫైల్‌సిస్టమ్ విషయంలో ఇంత పట్టుదల ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. నెట్‌వర్క్ డ్రైవర్ తప్పుచేస్తే చాలాసార్లు రీబూట్‌తో కోలుకోవచ్చు. డిస్కు మీద తప్పుగా పడిన రాతను ఏ రీబూటూ వెనక్కి తేలేదు. అందుకే దాడి కోడ్ ప్యాచ్ వేయని కెర్నెల్ మీద పారి, వేసినదాని మీద పారకపోవడం చూసి ఊరుకోకూడదు. ఫైల్‌సిస్టమ్‌ల కోసం ఉన్న ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ పరీక్షలను ప్యాచ్‌కి ముందూ తర్వాతా నడిపి ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడాలి. అనుమానముంటే ప్యాచ్ రాసినవాళ్లనే అడగాలి.

ఈ పనికి పెద్దగా పేరు రాదు. కొత్త ఫీచర్ రాసినవాళ్ల పేరు అందరికీ తెలుస్తుంది, పాత శాఖను కాచినవాళ్లది కమిట్ సందేశంలో ఆగిపోతుంది. అయినా ఏళ్ల తరబడి మార్చని కెర్నెల్ మీద ధైర్యంగా పని సాగుతోందంటే అది వాళ్ల చలవే. పాత కెర్నెల్‌తో బతికే ప్రతి సంస్థా బ్యాక్‌పోర్టింగ్‌ను మిగిలిన సమయంలో చేసే చిల్లర పనిగా చూడటం మానాలి. చదవడానికీ పరీక్షించడానికీ మనుషుల్నీ సమయాన్నీ కేటాయించాలి.