పిరదౌసి కూతురి లెక్క

జాషువా గారి 'పిరదౌసి' కావ్యాన్ని బి.కాం. చదివే రోజుల్లో మొదటిసారి చదివాను. 1932లో వెలువడిన ఈ కావ్యంలోని కథ మన పాఠకులకు తెలిసిందే. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చాడు. కవి ముప్పయ్యేళ్లు శ్రమించి 'షానామా' రాశాడు. తీరా సుల్తాను ఇచ్చింది వెండి. మనసు విరిగిన కవి గజనీ విడిచి తూసు పట్టణం చేరాడు. సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి కవి కన్నుమూశాడు. కూతురు ఆ సొమ్ము ముట్టలేదు.

ఆనాడు దీన్ని ఒక లోభి రాజు కథగా చదువుకున్నాను. సుల్తానుకు ఔదార్యం కలిగింది గాని ఆలస్యంగా కలిగింది అనుకున్నాను. అలా చదివితే కూతురిది కొంత మొండితనంగా కూడా కనబడుతుంది. ఆ చదువు తప్పని నాకు తెలియజెప్పింది విమర్శ గ్రంథం కాదు, బ్యాంకు ఉద్యోగం.

బెంగళూరు శివాజీనగర్‌లో పనిచేసిన రోజుల్లో, రంజాన్ వస్తున్నదంటే కొందరు ఖాతాదారులు తమ నిల్వ ఎంతో రాసిమ్మని అడిగేవారు. జకాత్ లెక్క కోసం. అది ఆదాయం మీద కట్టేది కాదు. చాంద్రమాన సంవత్సరం పాటు చేతిలో నిలిచిన సొమ్ము నిర్ణీత పరిమితి దాటితే అందులో నలభయ్యో వంతు, అంటే నూటికి రెండున్నర, ఇచ్చి తీరాలి. అది పేదవాడి హక్కు. ఆపైన మనసుకొద్దీ ఇచ్చేది సదకా. ఇచ్చి ఎత్తిపొడిస్తే ఆ దానం వ్యర్థమని ఖురాన్ రెండో అధ్యాయం చెబుతుంది. అప్పును కాగితం మీద పెట్టుకోమనే వాక్యం కూడా ఆ అధ్యాయంలోనిదే. ఖురాన్ మొత్తంలో అదే అన్నిటికన్నా పొడవైనది. దయను ఇంతగా బోధించిన మతం బాకీని దయలో కలిపెయ్యనివ్వలేదు.

ఈ దృష్టితో కావ్యాన్ని మళ్లీ చూడండి. సుల్తాను కవికి బాకీదారు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న ప్రవక్త బోధను అతడు మీరాడు. చివరికి పంపిన బంగారం బహుమానం కాదు, గడువు దాటిన బాకీ. జాషువా గారు తప్పును సుల్తాను మీదే ఉంచారు, అతని మతం మీద మోపలేదు. అంటరానితనాన్ని అనుభవించిన ఆ కవికి, హక్కుగా రావలసింది దయగా విసిరితే ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా? కాకపోతే కావ్యంలో కరుణరసం ఎంతగా పొంగుతుందంటే, ఆ కన్నీళ్లలో ఈ లెక్క మరుగున పడే ప్రమాదం ఉంది. నా విషయంలో అదే జరిగింది.

తరువాత మరో శాఖలో, రిటైరైన ఒక దఫ్తరీకి రావలసిన ఎరియర్స్ కాగితాలు నా బల్ల మీద మూడు నెలలు పడి ఉన్నాయి. చివరికి సంతకం చేసి, ఆయన్ను పిలిపించి, వరమిచ్చినట్టు ఆ మాట చెప్పాను. మదనపల్లె వైపు మనిషి. "ఇది ఖైరాత్ కాదు సార్, నా హక్కు" అన్నాడు మెల్లగా. ఆ రాత్రి 'పిరదౌసి' తీసి మళ్లీ చదివాను. ఈసారి సుల్తాను నాకు దూరపువాడుగా కనబడలేదు.

కూతురి సంగతి. వారసురాలిగా ఆ బాకీ ఆమెకు చెందుతుంది. పుచ్చుకుంటే తప్పులేదు. అయినా వదులుకుంది. పన్నెండో శతాబ్దంలో నిజామీ అరూజీ పారశీకంలో రాసిన 'చహార్ మఖాలా'లోనూ ఈ కథ ఉంది. చరిత్రకారులు దాన్ని పూర్తిగా నమ్మరు. అందులోనూ కూతురు సొమ్ము ముట్టదు. ఆ సొమ్ముతో బాటసారుల సత్రం బాగుచేయించారని చెబుతాడు నిజామీ.

అంటే ఈ కథలో నిజంగా ఇచ్చింది ఎవరు? సుల్తాను కాదు, అతడు బాకీ మాత్రమే పంపాడు. తనదైనదాన్ని వదులుకున్నది ఆ కూతురు ఒక్కతే.