గుండు గొట్టం దాటేదాకా

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లయినా, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరయినా, బెజవాడలో వెలిసే ఎగ్జిబిషన్ అయినా బూరలు పేల్చే కొట్టు లేకుండా నిండుదనం రాదు. చెక్కకు వరసలుగా కట్టిన బూరలు, ముందు బల్ల మీద రెండు మూడు ఎయిర్ గన్లు. కొట్టువాడు గొట్టాన్ని మధ్యకు విరిచి కిందికి లాగి, చిన్న సీసపు గుండు పెట్టి, మళ్లీ బిగించి చేతికిస్తాడు. డెల్టాలో చాలామందికి తుపాకీ పట్టుకోవడమంటే మొదట తెలిసేది ఇక్కడే. పెద్దయ్యాక దాన్ని పిల్లల ఆటగా పక్కన పెట్టేసి, అసలు షూటింగంటే ఒలింపిక్స్‌లో కనిపించే, ముందే గాలి నింపిన సిలిండర్ రైఫిలే అనుకుంటారు. పతకాల పోటీకి సిలిండర్ రైఫిలే తగినది, అందులో వాదన లేదు. కానీ కాల్చడంలోని ఆనందం మాటకొస్తే నా ఓటు ఆ కొట్టులోని స్ప్రింగు తుపాకీకే. ఆ ఆనందం పాత వస్తువు మీద మమకారం వల్ల వచ్చేది కాదు. ఆ తుపాకీ లోపల జరిగే పనిలోంచే పుడుతుంది.

గొట్టం విరిచి లాగినప్పుడు లోపలి పిస్టన్ వెనక్కి జరిగి బలమైన ఉక్కు స్ప్రింగును నొక్కుతుంది. ట్రిగ్గర్ కొక్కెం దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. అప్పటికి తుపాకీలో నొక్కి నిలవ ఉంచిన గాలి ఏమీ లేదు, ఉన్నదల్లా కాల్చేవాడి చేతి బలమే. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు విడివడి, బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది. అది ముందుకు దూకింది కాబట్టి తుపాకీ వెనక్కి కదులుతుంది. ఎదురుగా ఉన్న గాలి క్షణంలో నలిగి, విపరీతంగా వేడెక్కి, గుండును తోస్తుంది. ఆ గాలికే పిస్టన్ తగిలి ఆగేసరికి తుపాకీ ఈసారి ముందుకు తన్నుతుంది. గుండు లేకుండా ఉత్తినే పేల్చకూడదని పెద్దలు చెప్పేది ఇందుకే: గుండు అడ్డం లేకపోతే గాలి నిలవదు, పిస్టన్ నేరుగా వెళ్లి గోడకు గుద్దుకుంటుంది, సీలు చెడుతుంది. ఇదంతా సెకనులో వందో వంతుకు అటూ ఇటూగా జరిగిపోతుంది. అయితే తుపాకీ కదలడం మొదలైన వేళకు గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది. మిగతా అన్ని సంగతులూ దీని చుట్టూ తిరిగేవే.

గుండు బయటపడేలోపే తుపాకీ కదులుతుంది కాబట్టి, ఎలా కదిలితే గుండు అలా పోతుంది. బలమంతా పెట్టి బిగించి పట్టుకున్నా కదలిక ఆగదు. పట్టు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతుంది గనుక గుండ్లు తలో దిక్కూ పోతాయి. ఈ తుపాకీకి పనికొచ్చే పద్ధతి దీనికి తలకిందులు. ముందు చేతి అరచేయి తెరిచి, వేళ్లు ముడవకుండా, దాని మీద తుపాకీని ఊరికే ఆనించాలి. భుజానికి తగిలీ తగలనట్టు ఉంచాలి. తుపాకీని దాని మానాన కదలనివ్వాలి, ప్రతిసారీ ఒకేలా కదలనివ్వాలి. అమెరికాలో ఎయిర్ గన్ల గురించి విస్తారంగా రాసిన టామ్ గేలార్డ్ ఈ పట్టుకు ఆర్టిలరీ హోల్డ్ అని పేరు పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కాక కూడా కన్ను గురి మీదే ఉండాలి, ఒళ్లు అలాగే నిలవాలి. ఫలితం ఏమైందో చూద్దామని తల ఎత్తే తొందర మనిషికి సహజం, ఈ తుపాకీ దాన్ని క్షమించదు. సాధన కుదిరినవాడికి లక్ష్యం దగ్గరికి వెళ్లి చూడకముందే, చేతికి తెలిసిన కదలికను బట్టే గుండు ఎటు పోయిందో తెలిసిపోతుంది. ఆ తెలియడమే నేను ఆనందం అంటున్నది. దానికి తోడు ప్రతి గుండుకూ మళ్లీ గొట్టం విరవాలి, మళ్లీ ఊపిరి నిలుపుకోవాలి. తొందరపడే వీలే లేదు.

ముందే గాలి నింపిన రైఫిల్ సంగతి వేరు. దాని సిలిండర్లో సుమారు 200 బార్ల ఒత్తిడితో గాలి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే చిన్న సుత్తి వాల్వును తట్టి, కొలత ప్రకారం గాలిని వదులుతుంది. కదిలే బరువు తక్కువ కాబట్టి తన్ను దాదాపు తెలియదు. 10 మీటర్ల పోటీలో 10 పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, అక్కడ ఈ నిలకడ కావాలి. ఈ పోటీని 1966 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో చేర్చిన కాలంలో మేటి రైఫిళ్లు స్ప్రింగువే. వాటి తన్నును దాచడానికి జర్మన్ కంపెనీలు చాలా తంటాలు పడ్డాయి. ఫైన్‌వెర్క్‌బావ్ వాళ్లు తుపాకీ పై భాగమంతా పట్టాల మీద వెనక్కి జారేలా చేశారు. డయానా వాళ్లు ఎదురెదురుగా కదిలే రెండు పిస్టన్లు పెట్టి ఒకదాని తన్నును రెండోదానితో కొట్టేశారు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఈ పోటీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆ తర్వాత క్రమంగా స్ప్రింగు పూర్తిగా వెనకబడింది. 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు పతకం తెచ్చిన నాటికి సిలిండరే రాజ్యం. ఈ చరిత్ర నిండా ఉన్న ప్రయత్నం ఒక్కటే, కాల్చేవాడికీ ఫలితానికీ మధ్య తుపాకీ కదలికను తీసేయడం. పోటీకి అది న్యాయం. సరదాగా కాల్చేవాడి దగ్గర మాత్రం వాళ్లు తీసేసినదే అసలు సరుకు.

ఇది పాతదాని మీద మోజు అనేవాళ్లకు చరిత్రే జవాబు. ముందే గాలి నింపే తుపాకీ నిన్న మొన్నటిది కాదు. జిరార్డోని రైఫిల్‌ను ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతంలోనే వాడింది. దాని మడమలోనే గాలి తిత్తి, నింపడానికి వందల సార్లు పంపు కొట్టాలి. ఇవాళ మనం చూసే స్ప్రింగు ఎయిర్ గన్ రూపం ఇంగ్లండులో 1900 దాటాక స్థిరపడింది. వయసును బట్టి అయితే సిలిండర్ రైఫిలే పెద్దది. ఖర్చూ శ్రమా లెక్కలోకి తీసుకుంటే మన డెల్టాలో ఇంకో చిక్కుంది. కాలువలూ వరి మళ్లూ సముద్రమూ ఉన్న చోట గాలిలో తేమ ఎక్కువ. ఆ గాలిని 200 బార్లకు నొక్కితే తేమ నీరై సిలిండర్లో దిగుతుంది, లోపల తుప్పు పడుతుంది. అందుకే తేమ లాగే ఫిల్టర్లు, కంప్రెసర్, సీళ్ల మార్పిడి అన్నీ కావాలి. స్ప్రింగు తుపాకీకి వానాకాలంలో నూనె గుడ్డతో తుడవడం చాలు. గొట్టంలోకీ పిస్టన్ ముందుకీ మాత్రం నూనె పోనివ్వకూడదు, ఆ వేడికి అది అంటుకుని పేలుతుంది.

యంత్రసాయం ఉన్నంత మాత్రాన నైపుణ్యం తక్కువా అని అడగడానికి బెజవాడకు హక్కుంది. కాంపౌండ్ విల్లుకు పేరు తెచ్చిన ఊరిది. ఇక్కడి ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచారు. కాంపౌండ్ విల్లుకు చివర చక్రాలుంటాయి, పూర్తిగా లాగాక బరువులో చాలా భాగం అవే మోస్తాయి. తాడును వేళ్లతో కాక రిలీజ్ పరికరంతో వదులుతారు. అయినా ఆ ఖచ్చితత్వం ఎంత కష్టమో సురేఖ పతకాలే చెబుతాయి. సిలిండర్ రైఫిల్ పట్టినవాళ్ల నైపుణ్యాన్నీ నేను తగ్గించడం లేదు. కానీ అదే ఊరి బొమ్మదేవర ధీరజ్ పట్టేది రికర్వ్ విల్లు. అందులో లాగిన బరువంతా వేళ్ల మీదే ఉంటుంది, వేలు కాస్త బిగిసినా ఆ తప్పు నేరుగా బాణంలోకి పోతుంది. 2024 పారిస్‌లో ఆయన కెనడా ఆర్చర్ ఎరిక్ పీటర్స్‌తో షూటాఫ్ దాకా వెళ్లి, ఇద్దరూ 10 కొట్టాక, ఎదుటివాడి బాణం మధ్యకు దగ్గరగా ఉన్నందుకు ఓడిపోయారు. రెండు విళ్లలోనూ నైపుణ్యం ఉంది. తేడా ఎక్కడంటే, రికర్వ్‌లో వదిలే క్షణం బాణంతో పాటు ప్రయాణిస్తుంది. స్ప్రింగు తుపాకీలోనూ అంతే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం పిట్టలది. ఎయిర్ గన్ పేరు చెడింది కొంగల మీదా పావురాల మీదా ప్రయోగించినవాళ్ల వల్లే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, అక్కడి ఆటపాక పెలికాన్లు గూళ్లు కట్టుకునే చోటు. అక్కడ తుపాకీ ఎత్తడం నేరం, అంతకు మించి నీచం. 20 జౌళ్లకు మించిన ఎయిర్ గన్‌కు లైసెన్సు కావాలని 2016 ఆయుధ నియమాలు చెబుతున్నాయి. కాగితపు లక్ష్యానికి 7, 8 జౌళ్లు చాలు. వెనక మట్టి కట్ట, పక్కన పెద్దవాళ్లు, కళ్లకు అద్దాలు లేకుండా ఈ ఆట మొదలుపెట్టకూడదు.

ఎయిర్ గన్ల ప్రపంచ ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో స్ప్రింగు తుపాకులకు వేరే విభాగమే ఉంది, వాటిని సిలిండర్ రైఫిళ్లతో కలిపి లెక్కపెట్టరు. మన జిల్లా స్థాయి పోటీల్లోనూ అలాంటి విభాగం పెట్టవచ్చు. కావలసింది 10 మీటర్ల జాగా, కాగితాలు, ఒకే రకం తుపాకులు కొన్ని. కొత్తగా చేరే పిల్లల చేతికి మొదటి నెలల్లో ఈ తుపాకీనే ఇస్తే, గుండు గొట్టం దాటేదాకా నిలబడటం నేర్చుకుంటారు. తర్వాత ఏ రైఫిల్ పట్టినా ఆ అలవాటు వాళ్లకు పనికొస్తుంది.