వంటమేస్త్రి పుస్తకం

కోనసీమలో పెళ్లివంటలు చేసే ఒక మేస్త్రిగారి పుస్తకం చూశాను. అట్ట నిండా నూనె మరకలే. లోపల మాత్రం ఒక్క కొట్టివేతా లేదు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముహూర్తాల తేదీలన్నీ వరసగా ఎక్కించేస్తారు. ఆషాఢం పేజీలు ఖాళీ, మూఢం వచ్చిన రోజులూ ఖాళీ. అడ్వాన్సు ముట్టిన పెళ్లి పెన్నుతో రాస్తారు. "మాట్లాడుకుని కబురు చేస్తాం" అన్న పెళ్లి పెన్సిల్‌తో. ఒకే తేదీ కింద పెన్నుతో రెండు, పెన్సిల్‌తో మూడు కనబడ్డాయంటే కొత్త బేరం ఒప్పుకోవాలో వద్దో అక్కడే తేలిపోతుంది.

పెళ్లివారు తలల లెక్క చెబుతారు. ఆయన అంతటితో ఊరుకోరు. "ఎన్ని బంతులండీ? ముహూర్తం ఎన్నింటికి?" అంటారు. ఒక పెళ్లికి 500 మంది, బంతికి 100 చొప్పున అయిదు బంతులు. బంతికి అరగంట వేసుకుంటే 150 నిమిషాలు. తలకు రెండు గారెలంటే 1000. పెద్ద మూకుట్లో వాయికి 25 దిగితే 40 వాయిలు. వాయికి అయిదు నిమిషాలు, అంటే 200 నిమిషాలు. ఒక్క మూకుడు పెడితే చివరి బంతివాళ్లు విస్తరి ముందు కూర్చుని ఎదురుచూడాలి. అందుకే ఆ పెళ్లికి ఎదురుగా "మూకుళ్లు 2" అని ఉంది. పక్కనే గారెలు తట్టేవాళ్ల పేర్లు రెండు.

లడ్డూలకు ఈ తొందర లేదు. రెండు రోజుల ముందే చుట్టి పెట్టుకోవచ్చు. అందుకని మిఠాయి పనంతా ముహూర్తం లేని రోజులకు జరిపేస్తారు. ఆయన లెక్కంతా ఒకే గంటలో ఎన్ని చేతులు కావాలన్నదాని చుట్టూనే తిరుగుతుంది. నెల మొత్తం మీద పని తక్కువే అనిపించినా, ఆ ఒక్క గంటకు మనుషులు చాలకపోతే పరువు పోయినట్టే.

నాకు బాగా నచ్చింది మరొకటి. రాత్రి ముహూర్తానికి పొయ్యి దగ్గర నిలబడినవాడి పేరు, తెల్లవారి ఇంకో ఊళ్లో టిఫిన్ల వరసలో ఎక్కడా లేదు. అదేమిటని అడిగితే, "నిద్ర లేనివాడి చేతిలో ఉప్పు నిలబడదండీ" అన్నారు.

ఆ ఏడాది మాఘంలో ఆయన మూడు పెళ్లిళ్లు వద్దనుకున్నారు. ఒప్పుకున్న ఒక పెళ్లిలో నేను చివరి బంతిలో కూర్చున్నాను. గారె పట్టుకుంటే చెయ్యి కాలింది.