మందు లేని సూది

కుందేలు తన నొప్పిని బయటపెట్టదు. నక్కకో కుక్కకో దొరక్కుండా బతకాల్సిన జీవికి అది పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. ఎద్దు కుంటితే ముప్కాల్ లాంటి ఊళ్లో ఏ రైతైనా ఇట్టే పసిగడతాడు. ఇంట్లో పిల్లలు ముద్దుగా పెంచుకునే కుందేలు నడుము నొప్పితో రోజుల తరబడి బాధపడుతున్నా ఎవరికీ తెలియకపోవచ్చు. నొప్పి ఉంటే కళ్లు సగం మూతలు పడతాయి, బుగ్గలు పీక్కుపోతాయి, ముక్కు కొనదేలుతుంది, మీసాలు బిగుసుకుంటాయి, చెవులు వెనక్కి వాలతాయి. ఈ ఐదింటినీ చూసి నొప్పిని లెక్కగట్టే పద్ధతి 2012లో గానీ రాలేదు. పెంచేవాళ్లు కనిపెట్టగల గుర్తు ఇంకొకటి ఉంది. కుందేలు మెత్తటి పెంటికలు కొన్నిటిని విసర్జించిన చోటి నుంచే నోటితో అందుకుని తింటుంది. దాని పోషణకు అవి అవసరం. నడుము వంగనప్పుడు అవి తోక కిందే అంటుకుపోతాయి. విరేచనాలేమో అనుకుని చాలామంది పొరబడతారు.

వయసు మళ్లిన కుందేళ్ల వెన్ను, కీళ్ల నొప్పులకు, ఒంటి మీద ఎంచిన బిందువుల్లో సన్నని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ మంచి తోడు. తోడే గానీ, డాక్టరు రాసిన నొప్పి మందుకు బదులు కాదు.

చైనాలో పశువులకు సూదులు వేయడం పాత విద్య. గుర్రాల వైద్యం మీద యూ సోదరులు రాసిన ప్రసిద్ధ గ్రంథం 1608 నాటిది. అయితే సూదితో నొప్పి ఎలా తగ్గుతుందన్న ప్రశ్నకు తొలి గట్టి జవాబు దొరికింది కుందేళ్ల దగ్గరే. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ బృందం కుందేలు వెనక కాలి మడమ దగ్గరున్న కున్‌లున్ బిందువును సూదికి బదులు వేలితో నొక్కి, ఆ తర్వాత దాని మెదడులోని ద్రవాన్ని తీసి, అసలు ముట్టని మరో కుందేలు మెదడులోకి ఎక్కించింది. రెండో కుందేలు కూడా నొప్పిని ఎక్కువగా ఓర్చుకుంది. 1974లో ఈ ఫలితం అచ్చయింది. మెదడే నొప్పిని తగ్గించే పదార్థాలను తయారుచేస్తుందని మరుసటి ఏడాది స్కాట్లండ్‌లో ఎన్‌కెఫలిన్లు అనే అలాంటి పదార్థాలు బయటపడ్డాక ప్రపంచానికి తెలిసింది. ఇక్కడ ఒక మాట దాచకూడదు. ప్రయోగశాలలో ఇంత సాక్ష్యం ఉన్నా, పెంపుడు కుందేళ్ల వైద్యంలో ఇప్పటికీ దారి చూపుతున్నది ఎక్కువగా డాక్టర్ల అనుభవమే.

అసలు పనితనమంతా కుందేలును భయపెట్టకపోవడంలో ఉంది. వెల్లకిలా పడుకోబెడితే అది కదలకుండా ఉండిపోతుంది. హాయిగా ఉందనుకుంటాం గానీ, అది భయంతో కొయ్యబారిపోవడం. అందుకే కుక్కల అరుపు వినపడని గదిలో, జారని తువాలు మీద, దాని నాలుగు కాళ్ల మీదే కూర్చోబెట్టాలి. సూది కుట్టుసూది కన్నా చాలా సన్నం, మందం 0.2 మిల్లీమీటర్ల లోపు. నడుము, తోక పైనుండే త్రికం ఎముక కలిసే పల్లంలో బైహుయ్, వెన్నుకు రెండు వైపులా కండల్లో కొన్ని బిందువులు, మోకాలి కింద బయటివైపు జుసాన్‌లీ తరచూ వాడేవి. నాలుగైదు సూదులు, పది పదిహేను నిమిషాలు చాలు. గింజుకుంటే వెంటనే తీసేయాలి. ఛాతీ దగ్గర లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. కాబట్టి ఇది చూసి నేర్చుకుని ఇంట్లో చేసే పని కాదు.

మన పల్లెల్లో కీళ్లు పట్టేసిన ఎద్దుకు కడ్డీ కాల్చి వాత పెట్టేవారు. ఒకచోటి పోటుతో మరోచోటి నొప్పి మరిపించాలన్న ఆలోచన అందులోనూ ఉంది. కానీ వాత పుండు చేస్తుంది, మూగజీవిని ఇంకా హింసిస్తుంది. సూది మేలనడానికి నాకు ఆ ఒక్క తేడా చాలు.

మన దేశంలోకి ఆక్యుపంక్చర్‌ను 1959లో కలకత్తా ద్వారా తెచ్చినవారు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. మనుషుల విషయంలో కేంద్రం దీన్ని 2003లో ఒక చికిత్సా విధానంగా గుర్తించింది. పశువుల వైద్యం మాత్రం 1984 చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యుల పనే. రాజేంద్రనగర్, కోరుట్ల పశువైద్య కళాశాలలు ఈ విద్యను విద్యార్థులకు చేయి పట్టి నేర్పితే, ముప్కాల్ లాంటి ఊళ్లలో పెరిగే చిన్న ప్రాణులకూ అది అందుతుంది.

పెంచేవాళ్లకు ఒక మనవి. సూదులకు ముందు ఎక్స్‌రే తీయించి నొప్పికి కారణం తేల్చుకోండి. పన్ను పెరిగిపోయినా, చీము గడ్డ ఉన్నా సూది దాన్ని నయం చేయలేదు. ఇనుప జాలీ మీద అరికాళ్లు పుండ్లు పడుతుంటే ముందు ఎండుగడ్డి పరవండి. ఒక పూట మేత ముట్టకపోతే మాత్రం దేనికోసమూ ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.