రాళ్ల పుట్టుక, పిల్లల చేతుల్లో

బడిలో రాళ్ల పాఠానికి ప్రయోగం అనగానే మైనపు క్రేయాన్లు బయటికొస్తాయి. వాటిని చెక్కి పొట్టు చేసి అదిమితే అవక్షేప శిల, కాస్త వేడిచేసి నొక్కితే రూపాంతర శిల, పూర్తిగా కరిగించి చల్లారిస్తే అగ్నిశిల. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ రంగుల ముద్దను చూసిన పిల్లవాడికి రూపాంతర శిల అంటే సగం కరిగిన రాయి అన్న అభిప్రాయం పడిపోతుంది. నిజానికి రాయి కరగకుండానే, గట్టిగా ఉండగానే లోపలి ఖనిజాలు మారిపోతే అది రూపాంతరం. ఒకే ముద్దతో మూడు రకాలూ చెప్పేయాలన్న తొందరలో అసలు సంగతే తలకిందులైంది.

రాళ్ల పుట్టుకను చేసి చూసే పద్ధతి మొదట పిల్లల కోసం వచ్చింది కాదు. 18వ శతాబ్దం చివర్లో ఎడిన్‌బరోలో జేమ్స్ హాల్ అనే ఆయన నల్లరాతిని కొలిమిలో పెట్టి కరిగించాడు. గబగబా చల్లారిస్తే అది గాజయింది. అదే కరుగును నెమ్మదిగా చల్లారనిస్తే స్ఫటికాలు కట్టి మళ్లీ రాయిలా గట్టిపడింది. ఆయన పెద్ద మిత్రుడు, ఆధునిక భూగర్భశాస్త్రానికి ఆద్యుడు జేమ్స్ హటన్‌కు ఈ కొలిమి పనులు నచ్చలేదు. భూమి లోపల అంత పెద్ద ఎత్తున జరిగేదాన్ని చిన్న మూసలోకి తొంగి చూసి ఎలా తేలుస్తారన్నది ఆయన అభ్యంతరం. పెద్దాయన మీద గౌరవంతో హాల్ ఆగాడు. హటన్ 1797లో పోయాక, మరుసటి ఏడు ఫలితాలు బయటపెట్టాడు.

హటన్ మాటలో న్యాయం ఉంది. మూసలో భూమి పట్టదు. కాకపోతే ఒక ప్రశ్న పడుతుంది. చల్లారే వేగం మారితే రాయి మారుతుందా అని మాత్రమే హాల్ అడిగాడు, దానికి మాత్రమే జవాబు తీసుకున్నాడు. తరగతి గదిలో రాళ్ల ప్రయోగాలు పెట్టే టీచరు ఈ ఇద్దరినీ మనసులో పెట్టుకుంటే చాలు.

హాల్ అడిగిన ప్రశ్నకు మనకు కొలిమి అక్కర్లేదు, కిరాణా కొట్లో దొరికే పటిక సరిపోతుంది. పెద్దవాళ్లెవరైనా వేడినీళ్లలో పటిక పొడి ఇక కరగదు అనేదాకా కలిపి, తేటను రెండు గాజు గ్లాసుల్లో పోయాలి. ఒకదానికి మందపాటి తువ్వాలు చుట్టి కదపకుండా వదిలేయాలి. రెండోదాన్ని చన్నీళ్ల గిన్నెలో పెట్టి గరిటెతో తిప్పాలి. తిప్పిన గ్లాసులో సన్నటి రవ్వలాంటి పలుకులు దిగుతాయి. తువ్వాలు చుట్టినదాంట్లో తెల్లారేసరికి అంచులు తేరిన పెద్ద పలుకులు కనిపిస్తాయి. పటిక నీళ్లలోంచి గడ్డకట్టింది, గ్రానైట్ కరిగిన శిలాద్రవంలోంచి గడ్డకట్టింది, రెండూ ఒకటి కావు. నెమ్మదిగా అయితే పలుకు పెద్దదవుతుందన్నదొక్కటే రెండింటికీ ఉమ్మడి. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి. వెంటనే నిజం రాళ్లు చేతిలో పెట్టాలి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి హైదరాబాద్ గ్రానైట్ ముక్కలో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, బూడిద రంగు పలుగురాయి, మెరిసే కాకిబంగారం విడివిడిగా కంటికి ఆనుతాయి. వికారాబాద్ వైపు దొరికే బసాల్ట్‌లో భూతద్దం పెట్టినా పలుకు దొరకడం కష్టం. అది దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేలమీద పారి త్వరగా చల్లారిన లావా. ఏది భూమి లోపల గడ్డకట్టిందో పిల్లలే చెప్పేస్తారు.

అవక్షేప శిలకు సీసా ప్రయోగం అందరికీ తెలిసిందే: కంకర, ఇసుక, చెరువు మట్టి, నీళ్లు పోసి కుదిపి వదిలేయడం. కంకర అప్పటికప్పుడు, ఇసుక నిమిషంలో దిగుతాయి, బురద నీరు మర్నాటికీ తేరదు. ఇక్కడితో ఆపేస్తే పొర తెలిసింది గానీ రాయి తెలియలేదు. కాగితం కప్పులో ఇసుక పోసి, నీళ్లు కలిపిన ఫెవికాల్ ఇంకేదాకా పోసి, కొన్ని రోజులు ఎండనిచ్చి కప్పు చించేయాలి. ప్రకృతిలో ఈ ఫెవికాల్ పని సిలికా, సున్నం, ఇనుము తుప్పు చేస్తాయి. తిరుమల ఘాట్ రోడ్డులో అలా గట్టిపడి క్వార్ట్‌జైట్ అయిన ఇసుక పొరలు, వాటికంటే ఎంతో పాతదైన గ్రానైట్ మీద కూర్చుని కనిపిస్తాయి. కొండెక్కే బస్సు కిటికీలోంచి చూసే పాఠం అది.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైంది బియ్యపు గింజల ప్రయోగం. వినాయకుడి బొమ్మ చేసే బంకమట్టిలో గుప్పెడు బియ్యం కలిపి ముద్ద చేయాలి. (చపాతీ పిండి వద్దు, నొక్కితే సాగి వెనక్కి వస్తుంది.) స్టీలు స్కేలుతో ముద్దను నిలువునా కోస్తే గింజలు అడ్డదిడ్డంగా ఉంటాయి: ఒకటి నిలబడి, ఒకటి వాలి, ఒకటి మొన మాత్రం చూపిస్తూ. మిగిలిన సగాన్ని పీట కింద పెట్టి పిల్లలు బలం కొద్దీ అదమాలి. ముద్ద పలచబడ్డాక మళ్లీ నిలువునా కోస్తే గింజలు చాలావరకు అడ్డంగా పడుకుని ఉంటాయి. ఒత్తిడి పైనుంచి వచ్చింది, గింజలు దానికి అడ్డంగా తిరిగాయి. ఏదీ కరగలేదు. రూపాంతర శిలల్లో కనిపించే పట్టీలకు, పలకలుగా విడిపోయే గుణానికి ఇదొక ముఖ్య కారణం.

వేడికి కొత్త ఖనిజాలు పుట్టడాన్ని మాత్రం ఈ మట్టిముద్ద చూపలేదు. విశాఖపట్నం చుట్టూ ఉన్న ఖోండలైట్ కొండలు ఒకప్పటి బంకమట్టి లాంటి అవక్షేపమే. భూమి లోతుల్లోకి వెళ్లి ఉడికి, ఎర్రటి గార్నెట్ గింజలు పుట్టించుకుని పైకి వచ్చాయి. దాన్ని తరగతిలో చేసి చూపించే దారి లేదు. అక్కడ ప్రయోగం పక్కన పెట్టి, గార్నెట్ మెరిసే రాతిముక్క చేతికిచ్చి కథ చెప్పడమే మేలు. కొన్నిటిని తరగతిలో చేసి చూపలేమన్న ఈ మాటనే క్రేయాన్ల ప్రయోగం చేసేవాళ్లు ఒప్పుకోరు.

చివరికి పిల్లలు తెచ్చిన రాళ్ల పరీక్ష. విరిగిన తాండూరు బండ ముక్కను మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేసి భూతద్దంలో చూస్తే సన్నటి బుడగలు లేస్తాయి, సున్నపురాయి గనక. గ్రానైట్ మీద ఏమీ కాదు. ఈ పరీక్ష నేర్చాక పిల్లలు నిమ్మకాయ పట్టుకుని ఇల్లంతా తిరుగుతారు. వంటింటి గట్టుకు కడప బండ వేయించినవాళ్లు ముందే హెచ్చరించండి: అదీ సున్నపురాయే, రసం పడి ఆరితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది.