కాలితో పలికే గమకం

1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ అమెరికా కంట్రీ సంగీతంలో పెద్ద హిట్టు. పాట సంగతి అలా ఉంచితే, అందులోని గిటార్ విని తోటి వాద్యకారులు బుర్ర గోక్కున్నారు. రెండు మూడు స్వరాలు కలిసి మోగుతున్నాయి. వాటిలో కొన్ని కదలకుండా ఉన్నచోటే ఉంటే, కొన్ని మాత్రం మోగుతూనే పైకి జారుతున్నాయి. స్టీల్ గిటార్ మీద ఉక్కు బార్‌ని జరిపితే తీగలన్నీ మూకుమ్మడిగా జరగాలి కదా, మరి ఇదెలా సాధ్యం? కిటుకు ఆ గిటార్ వాయించిన బడ్ ఐజాక్స్ చేతుల్లో లేదు, కాలి కింద ఉంది. పాల్ బిగ్స్‌బీ చేసిచ్చిన వాద్యం మీద ఆయన తీగ మీటాక పెడలు తొక్కాడు.

పెడళ్ళు అప్పటికి కొత్తేమీ కావు. గిబ్సన్ కంపెనీ 1940 ప్రాంతంలోనే ఎలక్ట్రాహార్ప్ అనే పెడలు వాద్యాన్ని బజారులో పెట్టింది. బిగ్స్‌బీ 1948లో స్పీడీ వెస్ట్ అనే స్టీల్ వాద్యకారుడికి ఒకటి తయారుచేశాడు. అయితే చాలామందికి పెడలంటే శ్రుతి మార్చుకునే ఏర్పాటు మాత్రమే. ముందు తొక్కి, తరవాత మీటేవారు. ఈ వరస తిరగబడేసరికి శ్రుతి మార్పే సంగీతమైపోయింది.

తీగను మెట్టుకు నొక్కకుండా దానిమీద నున్నటి బార్ జార్చి వాయించడం పందొమ్మిదో శతాబ్దం చివర్లో హవాయిలో జోసెఫ్ కెకూకు చేతుల్లో రూపు దిద్దుకుంది. గోటువాద్యం విన్నవాళ్ళకి ఆ జారుడు సొగసు కొత్త కాదు. ఒంటి తీగ మీద రాగం పలికించడానికి అది చాలు. పడమటి సంగీతానికి మాత్రం ఒకేసారి మూడు నాలుగు స్వరాల పొందిక కావాలి. తిన్నటి బార్ కింద దొరికే పొందికలు కొద్దే. అందుకే బార్‌ని ఏటవాలుగా పట్టేవారు, అదీ చాలక ఒక్కో శ్రుతిలో ఒక్కో వరస తీగలు బిగించి రెండు, మూడు, నాలుగు మెడల వాద్యాలు కట్టించుకునేవారు.

పెడలు ఏం చేసిందో మన స్వరాల్లో చెప్పుకుంటే తేలిగ్గా బోధపడుతుంది. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో ఇవాళ ఎక్కువగా వాడే ‘ఇ నైన్త్’ శ్రుతిలో పది తీగలుంటాయి. ఇ స్వరాన్ని షడ్జమం అనుకుందాం. నాలుగో తీగ షడ్జమం, మూడోది అంతర గాంధారం, అయిదోది పంచమం. ‘బి’ పెడలు తొక్కితే గాంధారం మధ్యమంలోకి ఎక్కుతుంది. ‘ఎ’ పెడలు తొక్కితే పంచమం చతుశ్రుతి ధైవతం అవుతుంది. షడ్జమం మటుకు కదలదు. బార్ అంగుళమైనా జరగకుండా స-గ-ప కాస్తా స-మ-ధ అయిపోతుంది. మడమ పక్కకు వంచి పాదం ఆడించినంత సేపట్లో జరిగిపోయే ఈ మార్పే కంట్రీ పాటలో మనం వినే ఆ నిట్టూర్పు.

ఐజాక్స్‌కి ఈ రెండు మార్పులూ ఒకే పెడలు మీద ఉండేవి. వాటిని విడదీసి రెండు పెడళ్ళకు పంచినవాడు బడీ ఎమన్స్. 1955లో నాష్‌విల్ వచ్చేనాటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. నా లెక్కన ఈ వాద్యం చరిత్రలో అంతకన్న పెద్ద మలుపు లేదు. విడదీశాక ఒక్క ‘ఎ’ తొక్కితే ఒక మైనర్ కార్డు, ఒక్క ‘బి’ తొక్కితే ఇంకో రంగు, రెండూ తొక్కితే మరొకటి. 1960లలో అతను ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలు కూడా జతచేశాక ఇవాళ్టి ఇ నైన్త్ పూర్తయింది.

ఇక వాద్యాన్ని తిరగేసి అడుగు చూద్దాం. పెడలు తొక్కగానే నిలువు రాడ్డు కిందికి లాగుతుంది. పెట్టె అడుగున అడ్డంగా బిగించిన ఇరుసు కొద్దిగా తిరుగుతుంది. ఆ ఇరుసుకు ‘బెల్ క్రాంక్’ అనే చిన్న మీట ఉంటుంది. అది పొడవాటి సన్న రాడ్డును లాగుతుంది. ఆ రాడ్డు రెండో కొస వాద్యకారుడి కుడిచేతివైపున్న ఛేంజర్‌లోకి వెళుతుంది. ఛేంజర్‌లో తీగకొకటి చొప్పున అల్యూమినియం ‘ఫింగర్లు’ ఒకే ఇరుసు మీద వరసగా ఉంటాయి. ఫింగర్ గుండ్రటి తలే తీగకు బ్రిడ్జి. రాడ్డు లాగితే ఫింగర్ ఒరుగుతుంది, తీగ బిగుస్తుంది, స్వరం పెరుగుతుంది. అవతలి చివర తీగ రాపిడికి ఆగిపోకుండా చిన్న రోలర్ల మీదుగా పోతుంది. మీట మీద ఏ బెజ్జంలో రాడ్డు తగిలించారన్నదాన్ని బట్టి కాలికి బరువు, స్వరం ఎక్కే తీరు మారతాయి.

స్వరాన్ని పెంచడమేగాక తగ్గించడం కూడా కావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. లియో ఫెండర్ 1957 నాటి ఫెండర్ 1000లో సైకిలు బ్రేకుకు ఉండే వైరు లాంటి కేబుళ్ళతో పని నడిపించాడు. ఎమన్స్, షాట్ జాక్సన్ 1950లలో ఇద్దరి పేర్లూ కలిపి పెట్టిన షో-బడ్ దుకాణం రాడ్ల బాట పట్టింది. తరవాత ఎమన్స్ విడిపోయి, 1963లో రాన్ లాష్లీతో కలిసి నార్త్ కరొలినాలో సొంత కంపెనీ పెట్టాడు. అక్కడ పుట్టిందే ‘పుష్-పుల్’. రాడ్డు లాగితే స్వరం పెరుగుతుంది, నెడితే తగ్గుతుంది. కాలు తీయగానే ఫింగర్ వెనక్కొచ్చి పెట్టెకు బిగించిన ఆపు మీద ఆనుతుంది.

ఆ ఆనడం వల్లే తీగ అదురు నేరుగా మేపుల్ చెక్కలోకి దిగుతుందనీ, ఆ నాదం ఇంకే వాద్యానికీ రాదనీ భక్తులంటారు. నాదం గురించిన మాటల్లో సగం అభిమానమేనని నేననుకుంటాను. మంచి చెయ్యి పడితే మామూలు పెట్టె కూడా పలుకుతుంది. కానీ పుష్-పుల్‌ని శ్రుతి చేయడం ఎంత ఓపిక పనో మాత్రం అందరూ ఒప్పుకుంటారు. రాడ్లలో తగినంత వదులు లేకపోతే ఒక మార్పు ఇంకోదాన్ని చెడగొడుతుంది. దాని తరవాత స్థిరపడ్డ ‘ఆల్-పుల్’ పద్ధతిలో పెంచడానికీ తగ్గించడానికీ రాడ్డును లాగడమే. ఫింగర్ రెండు భాగాలుగా ఉంటుంది, తగ్గించే భాగాన్ని స్ప్రింగు యథాస్థానానికి తెస్తుంది. చివర నైలాన్ నట్టు తిప్పితే స్వరం సరిపోతుంది. ఇప్పుడు ఎక్కువ కంపెనీలు చేసేవి ఇవే.

శ్రుతి విషయంలో మనవాళ్ళకు నచ్చే సంగతొకటుంది. చాలామంది స్టీల్ వాద్యకారులు గాంధారాన్ని పియానో లెక్క ప్రకారం కట్టరు, కాస్త దించి కడతారు. తంబురాలో దానంతటది వినిపించే స్వయంభూ గాంధారం దిక్కుగా అన్నమాట. పెడళ్ళు తొక్కినప్పుడు ఆ లాగుడుకి పెట్టె రవ్వంత వంగి, ముట్టుకోని తీగలు కూడా కొంచెం దిగిపోతాయి. దీన్ని ‘క్యాబినెట్ డ్రాప్’ అంటారు. అంచేత ట్యూనర్ చూపించే అంకె కంటే చెవి మాటే చెల్లుతుంది.

వాయించేవాడి ఒంట్లో ఖాళీగా ఉండే భాగం దాదాపు లేదు. ఎడమ పాదం పెడళ్ళ మీద, కుడి పాదం వాల్యూమ్ పెడలు మీద, రెండు మోకాళ్ళూ మీటల మధ్య ఉంటాయి. మోకాలి మీటలతో షడ్జమాన్ని అరస్వరం పైకో కిందికో తీసుకెళ్ళవచ్చు. ఎడమచేతిలో బార్, కుడిచేతికి బొటనవేలి పిక్కు, వేళ్ళ పిక్కులు. మీటిన స్వరం సన్నగిల్లుతుండగా కుడి పాదం మెల్లగా శబ్దం పెంచుతూ పోతుంది. అంతసేపు నిలిచే స్వరం గిటార్‌కి అలా వస్తుంది. మీటడం కంటే, మోగుతున్న తీగను కుడి అరచేతి అంచుతో సమయానికి ఆపడమే కష్టమైన విద్య. అది రాకపోతే స్వరాలన్నీ కలగాపులగమే.

పాత వాద్యాలకు జబ్బులూ పాతవే. అందరికంటే ఎక్కువ శ్రమ పడేది మూడో తీగ. మందం అంగుళంలో వెయ్యింట పదకొండు వంతులు, అదీ ‘బి’ పెడలుకు గంటకు ఎన్నిసార్లు సాగాలో! అది ఫింగర్ తల మీదే తెగుతుంది. ఏళ్ళ తరబడి అదే చోట ఒరుసుకుని అల్యూమినియంలో గాడి పడుతుంది. సన్న గరుకు కాగితంతో ఆ గాడిని నునుపు చేస్తే తీగ ఇంకొన్నాళ్ళు బతుకుతుంది. ఛేంజర్‌లో ఎండిన నూనె జిగటై ఫింగర్లను పట్టేస్తే, సిగరెట్ లైటర్లో పోసే ద్రవంతో కడిగి, పల్చటి నూనె బొట్లు బొట్లుగా వేస్తారు. నాసిరకం పోతలోహంతో చేసిన భాగాలు కాలం గడిచేకొద్దీ బీటలిస్తాయి. వాటి స్థానంలో కోసి చేసిన అల్యూమినియం ముక్కలు వేయించుకోవాలి. పాత షో-బడ్ మీద ఫ్రెట్లను సూచిస్తూ ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు గుర్తులు పొదిగి ఉంటాయి. చూడముచ్చటే. తెలిసిన కొనుగోలుదారు మాత్రం ముందు టార్చి లైటు వేసి అడుగున మీటల్నే చూస్తాడు, పేకల జోలికి తరవాత వెళతాడు.